అలిఫ్ దగ్గర ఆగిపోయిన చెయ్యి

గత నవంబరు తొలి వారంలో ఒక సాయంత్రం నేను పాత ఢిల్లీలోని ఒక చిన్న గ్రంథాలయం మెట్ల ముందు ఇరవై నిమిషాల పాటు నిలబడి, పైకి ఎక్కకుండానే వెనుదిరిగి వచ్చాను. ఆ భవనం పై అంతస్తులో వారానికి మూడు రోజులు ఉర్దూ అక్షరాలు నేర్పుతారు. రుసుము ముందే కట్టాను. రూళ్ల పుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక వాచకం కొనుక్కుని సంచిలో పెట్టుకున్నాను. పై కిటికీలోంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. పిల్లలంటే కాలేజీ విద్యార్థులే; కాని నలభై ఆరేళ్లవాడికి పద్దెనిమిదేళ్లవారు పిల్లలే కదా. వారి మధ్య బల్ల మీద కూర్చుని అలిఫ్, బే, పే అని గొంతు కలపాలన్న ఊహకే నా కాళ్లు కదలలేదు. మెట్రో ఎక్కి ఇంటికి వచ్చి, పార్లమెంటు శీతాకాల సమావేశాల పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి సమావేశాలు అప్పటికింకా మొదలు కాలేదు.

రెండు దశాబ్దాలకు పైగా దేశ రాజధానిలో రాజకీయాలు రాస్తున్నాను. మంత్రుల ముఖం మీద వారికి నచ్చని ప్రశ్నలు వేశాను. ఆవేశంతో ఊగిపోతున్న జనసమూహాల మధ్య నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. అటువంటి వాడిని పదిహేను మెట్లు ఎక్కనివ్వనిది ఏమిటి? ఆ ప్రశ్న కొన్నాళ్ల పాటు నన్ను వదలలేదు. సిగ్గు అన్నది తేలికగా దొరికే జవాబు. అది సగమే నిజమని నాకు తెలుసు. మిగతా సగం ఇంట్లో ఒక ఇనుప పెట్టెలో ఉంది.

మా బాపు జనగామ ప్రాంతంలో ఒక చిన్న ఊరికి పట్వారీ. ఆయన తండ్రి కూడా పట్వారీయే. నిజాం రాజ్యంలో పుట్టి, ఉర్దూలో చదువుకున్నవాడు. ఇంట్లో భాగవత పద్యాలు రాగయుక్తంగా చదివేవాడు. సంతలో, పొలంలో, పంచాయితీలో తెలుగే మాట్లాడేవాడు. కాని కలం పట్టుకుంటే మాత్రం కుడి నుంచి ఎడమకు రాయడమే ఆయనకు అలవాటు. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయిన నాటికి నాకు అయిదేళ్లు. దఫ్తరం సర్కారుకు అప్పగించేశాడు గాని, సొంతానికి రాసుకున్న మూడు పుస్తకాలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. 2014లో ఆయన పోయాక ఆ పుస్తకాలున్న పెట్టె నా వెంట ఢిల్లీ వచ్చింది. పదేళ్లలో మూడు ఇళ్లు మారాను. ప్రతి ఇంట్లోనూ ఆ పెట్టెకు ఒక మూల చూపించాను తప్ప దానిలోని పుస్తకం ఒక్కటీ తెరవలేదు. ఉర్దూ రాదు కదా అన్నది చెప్పుకోవడానికి అనువైన కారణం.

అసలు కారణం వేరు. ఆ ప్రాంతంలో పట్వారీ అనే మాటకు ఏమి అర్థమో తెలంగాణ చరిత్ర తెలిసిన వారికి వివరించనవసరం లేదు. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో, ఎవరి కబ్జాలో ఉందో రాసేది ఆయనే. కలం ఒక గడిలోంచి పక్క గడిలోకి జరిగితే ఒక కుటుంబం బతుకు తారుమారయ్యేది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించమన్నది. ఆ గుర్తింపు కాగితం మీద నిలిచిందా, నేల మీద నిలిచిందా అన్నది చాలా ఊళ్లలో పట్వారీ చేతిలోనే ఉండేది. మా బాపు మెతక మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. కాని మెతక మనుషుల చేతి రాతతో కూడా అన్యాయాలు జరుగుతాయని నా వృత్తి నాకు నేర్పింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చిననాటి నుంచి ఎన్ని దరఖాస్తులు పెట్టానో లెక్క లేదు. పత్రాలు బయటపెట్టమని ప్రభుత్వాలను నిలదీసే నేను, నా మంచం కింద ఉన్న పత్రాలను చదవడానికి పదేళ్లు వెనుకాడాను.

ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యాన్ని మనలో చాలామంది బడిలో కంఠస్థం చేసినవారమే. విఘ్నాలకు భయపడి పని మొదలుపెట్టనివారు అధములనీ, మొదలుపెట్టి మధ్యలో మానేసేవారు మధ్యములనీ, ఎన్ని అడ్డంకులు వచ్చినా విడువనివారు ఉత్తములనీ దాని సారాంశం. ఆ విభజనతో నాకు చిన్న పేచీ ఉంది. వెనుకాడేవారందరినీ ఒకే గాటన కట్టి అధముల వరుసలో కూర్చోబెట్టడం న్యాయం కాదని, నా కోసమే కాక, ఈ దేశ రాజకీయాలను చూసిన అనుభవంతో కూడా అనిపిస్తుంది. మన రాజకీయ చరిత్రలోని గొప్ప ఆరంభాలు కొన్ని సంకోచంతోనే మొదలయ్యాయి. మహా విపత్తులు కొన్ని సంకోచం బొత్తిగా లేకపోవడం వల్ల జరిగాయి.

మొదటి సార్వత్రిక ఎన్నికలనే తీసుకోండి. 1950 మార్చిలో తొలి ప్రధాన ఎన్నికల కమిషనరుగా బాధ్యతలు స్వీకరించిన సుకుమార్ సేన్ ముందున్న పని అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ చేసినది కాదు. 17 కోట్లకు పైగా ఓటర్లు. 1951 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యులు 18 శాతానికి కాస్త ఎక్కువ. ఎన్నికలు వీలైనంత త్వరగా జరగాలని నెహ్రూ తొందరపడుతుంటే, కొంత ఓపిక పట్టమన్నవాడు సేన్. ఆ ఓపికలో చేసిన పనులను గమనించండి. చదవడం రాని ఓటరు కోసం అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు. ఒకరే రెండుసార్లు ఓటు వేయకుండా వేలి మీద చెరగని సిరా. అసలు పోలింగుకు ముందు మాదిరి పోలింగులు. మంచు పడితే దారులు మూసుకుపోతాయి కాబట్టి హిమాచల్‌లోని చినీ ప్రాంతంలో 1951 అక్టోబరు 25నే ఓటింగు మొదలైంది. అక్కడ తొలి ఓటు వేసిన బడిపంతులు శ్యాం శరణ్ నేగీ ఆ తరువాత ఏడు దశాబ్దాల పాటు ఓటు వేస్తూనే ఉండి, 2022 నవంబరులో చివరి ఓటు వేసిన మూడు రోజులకు కన్నుమూశాడు.

ఆ ఎన్నికల కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. ఓటర్ల జాబితా కోసం ఇల్లిల్లూ తిరిగిన సిబ్బందికి ఉత్తర భారతంలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పడానికే ఇష్టపడలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేనిదే జాబితాలో చోటు లేదని సేన్ పట్టుబట్టాడు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగించవలసి వచ్చింది. అది కఠినమైన నిర్ణయమే, ఆనాడు వారికి ఓటు పోయింది కూడా. అయినా ఆ తొలగింపులో ఒక ఆహ్వానం ఉంది. ఈసారి కాకపోతే వచ్చేసారి మీ పేరు మీరే చెప్పండి అని. పరాయి మనిషి ముందు తన పేరు తాను చెప్పడం కూడా ఒక ఆరంభమే. ఆ ఆరంభానికి అడ్డుపడినది వారి అధమత్వం కాదు, తరతరాలుగా వారి నోటికి పడిన తాళం.

పొరుగున ఉన్న భూటాన్‌ది మరింత విచిత్రమైన అనుభవం. అక్కడి ప్రజలు ప్రజాస్వామ్యం కావాలని అడగలేదు. రాజే ఇస్తానన్నాడు, వారు వద్దన్నంత పని చేశారు. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ 2006 డిసెంబరులో సింహాసనాన్ని కొడుక్కు అప్పగించి తప్పుకున్నాడు. 2007లో దేశమంతటా ఉత్తుత్తి ఎన్నికలు నిర్వహించారు. లేని పార్టీలను సృష్టించి వాటికి రంగుల పేర్లు పెట్టారు. పసుపు సంప్రదాయానికి, ఎరుపు పరిశ్రమలకు, ఆకుపచ్చ పర్యావరణానికి, నీలం మరొక రకం విధానానికి. అభ్యర్థులుగా బడి పిల్లలను నిలబెట్టారు. జనం బారులు తీరి పసుపు పార్టీని 47 స్థానాల్లో 46 చోట్ల గెలిపించారు. పసుపు రాజుగారి రంగు మరి! నవ్వు తెప్పించే ఫలితమే అయినా, ఆ రోజుతో ఒక పని జరిగిపోయింది. పోలింగు కేంద్రానికి నడిచి వెళ్లడం, మీట నొక్కడం, తిరిగి రావడం అనే మూడు పనులు వారి శరీరానికి అలవాటయ్యాయి. మరుసటి ఏడాది మార్చి 24న నిజమైన ఎన్నికలు వచ్చినప్పుడు దాదాపు 80 శాతం మంది ఓటు వేశారు. భయం పోయేదాకా ఆగమని ఎవరూ చెప్పలేదు. తప్పు చేసినా నష్టం లేని చోట ఒకసారి చేసి చూడమన్నారు, అంతే.

సంకోచం గురించి మాట్లాడుతూ పి.వి. నరసింహారావును తలచుకోకపోవడం తెలుగువాడికి సాధ్యం కాదు. నిర్ణయం తీసుకోకపోవడమూ ఒక నిర్ణయమేనన్న మాటకు ఆయన పేరే చిరునామాగా మారిపోయింది. 1991లో ఆయన లోక్‌సభకు పోటీ చేయలేదు. ఢిల్లీ వదిలి హైదరాబాదు వెళ్లడానికి పుస్తకాలు సర్దుకున్నాడు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పి.వి. ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశాడు. వారం తిరగకుండానే ఆయనకు 70 ఏళ్లు నిండాయి. లోక్‌సభలో మెజారిటీ లేదు. ఖజానాలో ఉన్న విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మించి సరిపోదు.

జూలై 1న రూపాయి విలువను ఒక మెట్టు తగ్గించారు. రెండో మెట్టు రెండు రోజుల తరువాత అనుకున్నారు. మొదటి మెట్టుకే విమర్శలు చుట్టుముట్టాయి. 1966లో ఇందిరాగాంధీ రూపాయి విలువ తగ్గించినప్పుడు ఆమెకు ఎదురైన రాజకీయ నష్టం అందరికీ గుర్తుంది. జూలై 3 ఉదయం పి.వి. ధైర్యం సడలింది. రెండో మెట్టును ఆపమని ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్‌కు చెప్పాడు. ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్‌కు ఫోను చేశాడు. అప్పటికే పని జరిగిపోయిందని రంగరాజన్ జవాబిచ్చాడు. ఆ మాట విని మన్మోహన్ సింగ్ లోలోపల ఊరట చెందాడంటారు. మూడు వారాల తరువాత, జూలై 24న, ఒకే రోజు కొత్త పారిశ్రామిక విధానమూ కొత్త బడ్జెటూ పార్లమెంటు ముందుకు వచ్చాయి. దశాబ్దాల లైసెన్సుల వ్యవస్థ, కొన్ని పరిశ్రమలను మినహాయిస్తే, ఆ రోజుతో ముగిసింది.

తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా కూడా పనిచేసిన రంగరాజన్ పాత్ర ఈ ఘట్టంలో చిన్నదే అనిపించవచ్చు. నాకు మాత్రం అసలు కీలకం అక్కడే కనిపిస్తుంది. పి.వి. సంకోచాన్ని జయించలేదు. జూలై 3న కూడా ఆయన భయపడ్డాడు. కాని భయం తిరిగి రాకముందే మొదటి అడుగు పడిపోయింది, రెండో అడుగు వేసే బాధ్యత మరొకరి చేతుల్లోకి వెళ్లిపోయింది. పనిని రెండు మెట్లుగా కోయడంలోనే ఆ వివేకం ఉంది. మొదటి మెట్టు చిన్నది కాబట్టి వేయగలిగారు. వేశాక వెనక్కి రావడం ముందుకు పోవడం కంటే కష్టమైపోయింది. అదే మనిషి మరుసటి ఏడాది డిసెంబరులో మొదటి అడుగే వేయలేదు. అయోధ్యలో మసీదు కూలిపోతుంటే కేంద్రం చూస్తూ ఉండిపోయిందన్న నింద ఆయనను కడదాకా వెంటాడింది. ఒకే స్వభావం ఒకచోట దేశానికి మేలు చేసింది, మరోచోట మానని గాయం మిగిల్చింది. తేడా స్వభావంలో లేదు. మొదటి అడుగు పడడంలో, పడకపోవడంలో ఉంది.

అలాగని సంకోచం లేనివారిని నేను ఆకాశానికి ఎత్తలేను. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటల ప్రసంగం మనలో ఎవరు మరచిపోగలరు? చలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం ఆ అర్ధరాత్రితో చెల్లకుండా పోయింది. మాదిరి పోలింగు వంటిది ఏదీ లేదు, మెట్లు లేవు. కొత్త నోట్ల కొలతలు ఏటీఎం యంత్రాలకు సరిపోక వాటిని ఒక్కొక్కటిగా సవరించుకోవలసి వచ్చింది. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకే 2018లో ప్రకటించింది. కాస్త సంకోచించి ఉంటే ఎంత బాగుండేదని ఆ చలిలో బ్యాంకుల ముందు వరుసల్లో నిలబడినవారి ముఖాలు చూసి అనుకున్నాను. సంకోచం అంటే పని బరువు తెలిసి చెయ్యి ఒక క్షణం ఆగడం. ఆ బరువు తెలియని చెయ్యి ఆగదు.

అయితే సంకోచం వేషం వేసుకుని తిరిగే మరొకటి ఉంది. దాన్ని గుర్తుపట్టడం రాజకీయ విలేకరికి తప్పనిసరి. చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయించే బిల్లు దేవెగౌడ ప్రధానిగా ఉండగా 1996 సెప్టెంబరు 12న లోక్‌సభ ముందుకు వచ్చింది. కమిటీలు వేశారు, కాగితాలు చించారు, ఏకాభిప్రాయం కావాలన్నారు. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభ ముట్టుకోలేదు. చివరికి 2023 సెప్టెంబరులో ఉభయ సభలూ ఆమోదించాయి. లోక్‌సభలో వ్యతిరేకంగా పడినవి రెండే ఓట్లు. ఇరవై ఏడేళ్లు ఆగిన పని రెండు రోజుల్లో పూర్తయిందంటే, అన్నేళ్లు ఆపినది సంకోచం కాదని తేలిపోతుంది. అది అనిష్టం. చట్టం వచ్చినప్పుడు కూడా జనగణన, ఆ తరువాత నియోజకవర్గాల పునర్విభజన అనే రెండు గడపలు దాటాకే అమలు అని రాశారు. సంకోచించేవాడు సిద్ధమవుతూ ఉంటాడు. ఇష్టం లేనివాడు వాయిదా వేస్తూ ఉంటాడు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

ఈ తేడా రాసుకున్న రోజున పెట్టె వైపు చూశాను. నేను సిద్ధమవుతున్నానా, వాయిదా వేస్తున్నానా? పదేళ్లలో ఒక్క అక్షరం నేర్చుకోని మనిషి సిద్ధమవుతున్నానని ఎట్లా చెప్పుకోగలడు?

ఇలాంటి వాయిదా నాకు కొత్త కాదు. 2004లో, ఢిల్లీ వచ్చిన కొత్తలో, ఒక పార్టీ కార్యాలయంలో విలేకరుల సమావేశానికి వెళ్లాను. పత్రికారచనలో పీజీ చేసి, హైదరాబాదులో కొంతకాలం పనిచేసి వచ్చినవాడిని. మిత్రపక్షాల లెక్కల మీద నా దగ్గర గట్టి ప్రశ్న ఉంది. హిందీలో ఎలా అడగాలో మనసులో పదిసార్లు వల్లె వేసుకున్నాను. లింగభేదం ఎక్కడ తప్పుతుందో, ముందు వరుసలోని దిగ్గజాలు వెనక్కి తిరిగి ఎక్కడ నవ్వుతారో అని చెయ్యి ఎత్తలేదు. పది నిమిషాల తరువాత మరెవరో అదే ప్రశ్న తప్పుల తడక హిందీలో అడిగారు. ఎవరూ నవ్వలేదు. నాయకుడు తడబడ్డాడు. మర్నాడు పత్రికలన్నిటిలో ఆ తడబాటే మొదటి వార్త. ఆ రాత్రి మా అద్దె గదిలో నాకు అర్థమైనది ఒకటే. నా తప్పుల మీద నాకున్న శ్రద్ధ ఈ లోకంలో మరెవరికీ లేదు.

డిసెంబరు రెండో వారంలో ఆ మెట్లు ఎక్కాను. ధైర్యం వచ్చి కాదు. ఈసారి నాకు నేను పెట్టుకున్న పని ఉర్దూ నేర్చుకోవడం కాదు, బాపు పుస్తకాలు చదవడమూ కాదు. ఆ గదిలోకి వెళ్లి గంటసేపు కూర్చుని రావడం. అంతకు మించి ఏదీ తలపెట్టలేదు. ఉస్తాద్‌గారికి డెబ్బై దాటి ఉంటాయి. ఏదో ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆలస్యంగా చేరానని క్షమాపణ చెప్పబోతే వినకుండానే, మీ పేరు ఏమిటని అడిగి, బోర్డు మీద రాసి, అయిదుసార్లు దిద్దమన్నారు. అలిఫ్ అంటే ఒక నిలువు గీత. పై నుంచి కిందికి లాగితే అయిపోతుంది. ఆ గీత దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "గీయండి సాబ్, పెన్సిలే కదా, చెరిపేద్దాం" అన్నారు. పక్కనున్న అమ్మాయి తన రబ్బరు నా వైపు జరిపింది. గీశాను. వంకరగా వచ్చింది. ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఒక చుక్క కింద పెడితే బే, మూడు పెడితే పే. రెండు పైన పెడితే తే. మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర మరొకటి. మన గుణింతంలా ప్రతి అచ్చుకూ గుర్తు ఉండదు; సగం మాట ముందే తెలిసి ఉంటే తప్ప సగం మాట చదవలేము. నాలుగు నెలలకు వాచకం పూర్తయింది. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతూ చాందినీ చౌక్‌లో నడిచాను. అప్పుడు మొదటి పుస్తకం తెరిచాను. ఒక్క వాక్యమూ అర్థం కాలేదు. బాపు రాసినది వాచకంలోని గుండ్రటి అక్షరం కాదు. రెవెన్యూ దఫ్తరాల్లో వాడే గొలుసుకట్టు రాత. షికస్తా అంటారు. చుక్కలు సగం ఉండవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. నిరాశతో ఉస్తాద్‌గారి దగ్గరకు తీసుకువెళితే, కళ్లద్దాలు పైకి జరిపి, "మీ వాలిద్‌గారి చేతిరాత చాలా అందంగా ఉంది" అన్నారు. నలభై ఆరేళ్లలో నాకు ఎవరూ చెప్పని సంగతి అది.

ఆదివారాలు ఇద్దరం కూర్చుని వాక్యం తరువాత వాక్యం విడదీశాం. చాలావరకు వానలు, శిస్తు బాకీలు, చెరువు మరమ్మతు, ఎవరి ఎడ్లు ఎవరి చేలో పడ్డాయన్న తగాదాలు. తేదీలు ఫసలీ లెక్కలో ఉన్నాయి. 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1376 ఫసలీ, అంటే 1966-67, కింద ఒక చోట ఉస్తాద్‌గారు ఆగి, రెండుసార్లు చదివి, తాత్పర్యం చెప్పారు. ఇక మీదట లెక్కలు తెలుగులో రాయాలని తహసీలులో చెప్పారట. రాత్రి దీపం ముందు కూర్చుని ఒక పేజీ రాసి చూశాడట. చెయ్యి సాగలేదట. ఏ మాటకు ఏ తెలుగు మాట రాయాలో తోచక, తెల్లవారి సర్కారు మనుషులు నవ్వుతారేమోనని నిద్ర పట్టలేదట.

రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చిన సంవత్సరం అది. మనం దాన్ని ఆత్మగౌరవ ఘట్టంగానే చదువుకున్నాం, అది నిజం కూడా. కాని తెలుగు ఇంటి భాషగా ఉన్న ఒక మనిషికి, తన సొంత భాషలో తన పని చేయడానికే ముప్పై రెండేళ్ల వయసులో చెయ్యి వణికిందన్న సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. ఆయన ఉర్దూ నుంచి తెలుగుకు రావడానికి జంకాడు. నేను తెలుగు నుంచి ఉర్దూకు పోవడానికి జంకాను. ఇద్దరమూ నవ్వేవారి గురించే భయపడ్డాం. మర్నాడు ఏం జరిగిందో ఆయన రాయలేదు. రెండు పేజీల తరువాత మాత్రం సర్వే నంబర్ల జాబితా ఒకటి ఎడమ నుంచి కుడికి, తెలుగులో ఉంది. అక్షరాలు పెద్దవిగా, పిల్లల రాతలా ఉన్నాయి. ఇంతకాలం పెట్టెలో ఉన్న ఆ పేజీ చదవడానికి నాకు ఉర్దూ అవసరమే లేకపోయింది. పుస్తకం తెరిస్తే చాలేది.

ఇక్కడితో ముగిస్తే కథ బాగుంటుంది. కాని నిజం ఇక్కడితో ముగియదు. ఆ జాబితాలో పదకొండు పేర్లున్నాయి. వాటి ఎదుట కబ్జా అన్న గడి ఉంది. ఒక పేరు మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కన ఉర్దూలో ఒక ముక్క రాసి ఉంది. ఉస్తాద్‌గారికీ అది స్పష్టంగా తెలియలేదు. భూమి వదులుకున్నాడనైనా కావచ్చు, తొలగించారనైనా కావచ్చునన్నారు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం ఎంతో నాకు తెలుసు. ఆ ఇంటిపేరు గల కుటుంబం మా ఊళ్లో ఇప్పటికీ ఉంది. వారి అబ్బాయి నాతో నాలుగో తరగతి దాకా చదువుకున్నాడు. ఆ తరువాత బడి మానేసి గొర్రెలు కాయడానికి వెళ్లాడు. ఎందుకు మానేశాడని నేను ఎప్పుడూ అడగలేదు.

అమ్మకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు అవన్నీ తోడుకోవడం ఎందుకు బిడ్డా?" అన్నది. కాసేపటికి తనే, "పోతే పొద్దుగాల పో. మాపటికైతే ఆ పిల్లగాడు ఇంట్ల ఉండడు" అన్నది. ఆమె నన్ను వారించిందో, పంపించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ ఇంటి గడప ముందు నిలబడి ఏమని మొదలుపెట్టాలో నాకు తెలియదు. మనసులో పది రకాలుగా వల్లె వేసుకున్నాను, 2004లో హిందీ ప్రశ్నను వల్లె వేసుకున్నట్టే. ఏ మాటా సరిగ్గా కుదరడం లేదు. అందుచేత మళ్లీ చిన్న మెట్టే ఎంచుకున్నాను. వచ్చే నెల పదో తారీఖుకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు తీసుకున్నాను. ఉస్తాద్‌గారితో ఆ పేజీని వాచకపు అక్షరాల్లో శుభ్రంగా తిరగరాయించి, కింద తెలుగులో నేనే రాసుకున్నాను. గీత కొట్టిన పేరును కూడా అలాగే రాశాను, గీతతో సహా. వాళ్లింటికి వెళ్లి ఆ కాగితం వారి చేతిలో పెడతాను. తరువాత మాట్లాడవలసినది వారు.